బొలీట్ పుట్టగొడుగు దొరికిందా? హెర్బేరియం నమూనా ఇలా తయారు చేయండి

నాలుగు వానలు పడ్డాయంటే చాలు, నాకు ఒకే రకం ఫోటోలు రావడం మొదలవుతుంది. అరచేతిలో లావుపాటి పుట్టగొడుగు ఉంటుంది. తిప్పి చూస్తే మొప్పలు ఉండవు, స్పాంజిలా సన్నటి రంధ్రాలు ఉంటాయి. అదే బొలీట్. ఆ వెనకే ప్రశ్న: "సార్, దీన్ని ఎలా దాచాలి? పుస్తకంలో పెట్టి నొక్కాలా? ఫార్మలిన్‌లో వేయాలా?"

రెండూ వద్దు. నొక్కితే పచ్చడవుతుంది. ఫార్మలిన్‌లో వేస్తే రంగు పోతుంది, డీఎన్ఏ పాడవుతుంది. హెర్బేరియంలో, అంటే ఎండు నమూనాలను పరిశోధన కోసం దాచే చోట, పెట్టడానికి మీరు చేయాల్సింది ఒరుగులు. వంకాయ ఒరుగులు, మామిడి ఒరుగులు పెట్టే ఇంట్లో పెరిగినవాళ్లకు సగం పని వచ్చినట్టే. కాకపోతే ఇక్కడ ఉప్పు ఉండదు, ఎండ ఉండదు. మిగతా సగం పని నోట్‌బుక్‌లో ఉంటుంది. ఎక్కువ మంది తప్పేది అక్కడే.

ఎందుకంటే ఎండిన తర్వాత బొలీట్లన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి. ఎర్రటోపీదీ, పచ్చటోపీదీ రెండూ గోధుమరంగు ముక్కలైపోతాయి. 2014లో లండన్‌లోని క్యూ గార్డెన్స్ అనే వృక్షోద్యానం శాస్త్రవేత్తలు బజారులో కొన్న ఎండు పోర్చినీ (కూరకు వాడే బొలీట్) పొట్లం తెరిచి, అందులోని 15 ముక్కల డీఎన్ఏ చూశారు. అవి చైనా నుంచి వచ్చిన మూడు జాతులు, మూడింటికీ అప్పటిదాకా శాస్త్రీయ నామమే లేదు. డీఎన్ఏ అంత బాగా పలికింది. కానీ అవి ఏ కొండ మీద, ఏ చెట్టు కింద మొలిచాయో, పచ్చిగా ఉన్నప్పుడు ఏ రంగులో ఉన్నాయో ఆ పొట్లం చెప్పలేదు. మీ నమూనా అలాంటి పొట్లం కాకూడదు.

ముందు ఒక మాట: ఎక్కడ వెతకాలి

బొలీట్లలో చాలా వరకు కొన్ని రకాల చెట్ల వేళ్లతో కలిసి బతికేవే. టేకు, వేప, తుమ్మ కింద రోజంతా తిరిగినా ఒక్కటీ కనబడకపోవచ్చు, అది మీ తప్పు కాదు. గుగ్గిలం చెట్టు, అంటే సాల వృక్షం, ఉన్నచోట చూడండి. ఉత్తరాంధ్ర అంచు నుంచి ఒడిశా, ఛత్తీస్‌గఢ్, జార్ఖండ్ దాకా ఈ అడవులున్నాయి. 2018లో ఇండోపోరస్ అనే కొత్త ప్రజాతిని (దగ్గరి జాతుల గుంపును) వర్ణించింది గుగ్గిలం చెట్ల కింద దొరికిన బొలీట్ నుంచే. శేషాచలం కొండల్లోని జలారి కూడా గుగ్గిలం కుటుంబమే, దాని కింద కూడా ఓ కన్నేయండి. ఊటీ, కొడైకెనాల్ పైన్ తోటల్లో జిగురు టోపీ ఉండే సుయిల్లస్ అనే బొలీట్ దొరుకుతుంది. హిమాలయాల్లో ఓక్, దేవదారు చెట్ల కింద వెతకాలి. అమెరికాలో ఉండే మనవాళ్లకైతే ఇంటి పక్క పార్కులో ఓక్ చెట్టు ఉంటే చాలు.

కావలసినవి

అడవికి: చిన్న కత్తి, గట్టి అట్టపెట్టె లేదా వెదురుబుట్ట, పాత న్యూస్‌పేపర్ లేదా బటర్ పేపర్, చిన్న స్కేలు, పెన్సిల్, నోట్‌బుక్, అంకెలు వేసిన చీటీలు, కెమెరా ఉన్న ఫోన్.

ఇంటికి: పదునైన చాకు, తెల్ల కాగితం, గాజు గిన్నె, భూతద్దం, సిలికా జెల్ (తేమ పీల్చే గుళికలు), మూత బిగుతుగా ఉండే చిన్న ప్లాస్టిక్ గొట్టాలు, జిప్ కవర్లు, గ్రాములు చూపే వంటింటి తూకం, పండ్లు ఎండబెట్టే ఎలక్ట్రిక్ డ్రైయర్. డ్రైయర్ లేకపోతే ఏం చేయాలో 7వ దగ్గర చెప్తాను.

ఉంటే మంచిది: 5 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం, 10 శాతం ఫెర్రస్ సల్ఫేట్, అమోనియా, మైక్రోస్కోప్. కాలేజీ ల్యాబ్‌లో అడిగితే దొరుకుతాయి.

1. అనుమతి తీసుకోండి

రిజర్వ్ ఫారెస్ట్ అయితే అటవీ శాఖ అనుమతి కావాలి. అభయారణ్యం, నేషనల్ పార్క్ అయితే రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ దగ్గర నుంచి రావాలి. శేషాచలం ఆ కోవలోదే. దీనికి నెలలు పట్టొచ్చు, వానలు మొదలయ్యాక అర్జీ పెడితే వానలు పోయాక కాగితం వస్తుంది. ఇంకోటి: విదేశంలో ఉన్న స్నేహితుడికి "ఒక ముక్క" పోస్టులో పంపకండి. 2002 జీవవైవిధ్య చట్టం కింద దానికి వేరే అనుమతులు ఉంటాయి. అమెరికాలో పార్కు పార్కుకీ నియమం మారుతుంది, బోర్డు చదివి వంగండి.

2. పీకకముందు ఫోటో తీయండి

కనబడగానే చెయ్యి వెళ్లిపోతుంది, ఆపుకోండి. ఉన్నచోట ఉన్నట్టు ఒకటి, చుట్టూ చెట్లు కనిపించేలా ఒకటి తీయండి. తీశాక టోపీ పైభాగం, రంధ్రాలు, కాడ మొత్తం, కాడ మొదలు విడివిడిగా తీయండి. ప్రతి ఫోటోలో స్కేలు, చీటీ నంబరు, ఒక తెల్ల కాగితం ముక్క ఉండాలి. అడవి నీడలో ఫోన్ కెమెరా అన్నింటికీ పచ్చదనం పూస్తుంది. తెల్ల కాగితం ఉంటే తర్వాత రంగు సరిచేయొచ్చు. ఫ్లాష్ వద్దు.

3. తవ్వి తీయండి, కోయకండి

కూరకైతే కాడ మధ్యలో కోస్తారు. నమూనాకు మొదలు కావాలి. కత్తిని రెండు అంగుళాల దూరంలో గుచ్చి మట్టితో సహా పైకి లేపండి. మొదలు దగ్గర బూజులాంటి దారాలుంటాయి. అవి తెల్లగా ఉన్నాయా, పసుపా అన్నది జాతి గుర్తింపులో పనికొస్తుంది. మట్టిని బ్రష్‌తో దులపండి. కడగొద్దు.

వీలైతే ఒకే చోట మొగ్గ, నడివయసుది, ముదురుది మూడూ తీసుకోండి. వాటికి ఒకే నంబరు. పది అడుగుల దూరంలో, వేరే చెట్టు కింద దొరికిన దానికి, అచ్చం అలాగే ఉన్నా సరే, వేరే నంబరు ఇవ్వండి. "ఒకటేలే" అని కలిపేశాక అవి రెండు జాతులని తేలితే ఆ పొట్లాన్ని ఎవరూ విడదీయలేరు. వేర్వేరుగా ఉంచినవి ఒకటే జాతి అని తేలితే నష్టం ఏమీ లేదు.

నంబరు ఎలా ఇవ్వాలని అడుగుతారు. మీ పేరు పొడి అక్షరాలు, వరుస సంఖ్య. 1 నుంచి మొదలుపెట్టి జీవితాంతం అదే వరుస. ప్రతి ఏడాదీ మళ్లీ 1 నుంచి మొదలుపెట్టకండి.

4. కాగితంలో చుట్టండి

ప్లాస్టిక్ కవర్ వద్దే వద్దు. బొలీట్‌లో దాదాపు 90 శాతం నీరే. కవర్‌లో కట్టి బస్సెక్కితే దిగేసరికి చెమటపట్టి జారుడు ముద్దవుతుంది. ఒక్కోదాన్ని విడిగా కాగితంలో చుట్టి, నంబరు చీటీ లోపల పెట్టి, పెట్టెలో నిలబెట్టండి. రంధ్రాల మీద వేలు పెట్టకండి. చాలా రకాల్లో వేలు తగిలిన చోట నీలం మచ్చ పడుతుంది, తర్వాత అది సహజ రంగు అనుకుంటారు.

5. మొదటి గంట: అసలు పని ఇది

గదికి చేరగానే టీ కూడా తర్వాతే. బొలీట్ మీకోసం ఆగదు. సాయంత్రం తెచ్చింది పొద్దుటికి పురుగులమయం అవుతుంది. పెన్సిల్ పట్టుకుని ఈ వరుసలో రాయండి.

టోపీ: వెడల్పు ఎన్ని సెంటీమీటర్లు, రంగు, అంచు రంగు, పొడిగా ఉందా, జిగురా, మఖ్మల్‌లా ఉందా, పగుళ్లున్నాయా.

రంధ్రాలు: రంగు, ఆకారం, ఒక మిల్లీమీటరుకు ఎన్ని వస్తున్నాయి, గొట్టాల లోతు ఎంత, నొక్కితే రంగు మారిందా. టైలోపైలస్ అనే బొలీట్ ప్రజాతిలో రంధ్రాలు లేతగా ఉన్నప్పుడు తెలుపు, ముదిరాక గులాబీ. అందుకే మూడు వయసులూ తెమ్మన్నాను.

కాడ: పొడవు, మందం, మీద వలలాంటి గీతలున్నాయా, చుక్కలున్నాయా, గరుకు పొలుసులున్నాయా. నిలువునా కోస్తే గట్టిగా ఉందా, గుల్లగా ఉందా. గైరోపోరస్ అనే ఇంకో ప్రజాతిలో కాడ గుల్లబారుతుంది.

వాసన: ఏమీ లేకపోతే "ఏమీ లేదు" అని రాయండి. ఖాళీ వదిలితే చూశారో లేదో తెలియదు. రుచి గురించి చాలామంది అడుగుతారు. అనుభవజ్ఞులు గోరంత నాలుక మీద పెట్టి ఉమ్మేస్తారు. మీరు మొదటి రెండు మూడేళ్లు ఆ గడిలో "చూడలేదు" అని రాసి వదిలేయండి, కొంపేమీ మునగదు.

ఇప్పుడు కోత. నడివయసుదాన్ని టోపీ నుంచి మొదలు దాకా నిలువునా రెండుగా కోయండి. కోసిన క్షణమే ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కండి. ఒక ఫోటో వెంటనే, తర్వాత 30 సెకన్లకు, నిమిషానికి, 5 నిమిషాలకు, 20 నిమిషాలకు. కొన్ని బొలీట్లు కోయగానే ఇంకు ఒలికినట్టు నీలమవుతాయి. లోపలున్న వేరియగాటిక్ ఆమ్లంలాంటివి గాలి తగిలి ఆక్సీకరణం చెందడమే దీనికి కారణం. స్ట్రోబిలోమైసెస్ అనే ప్రజాతిలో కండ ముందు ఎర్రబడి తర్వాత నల్లబడుతుంది. "రంగు మారింది" అని ఒక్క ముక్కలో రాస్తే ఎందుకూ పనికిరాదు. నా నోట్‌బుక్‌లో ఒక వరుస ఇలా ఉంటుంది: "కోయగానే లేత పసుపు. 10 సెకన్లకు గొట్టాల పైన నీలం గీత. 1 నిమిషానికి టోపీ కండ అంతా నీలం, కాడ మొదలు మాత్రం మారలేదు. 20 నిమిషాలకు మురికి బూడిద." ఇంత చాలు.

నీలమైందంటే విషం అనే మాట వింటుంటాం. దానికీ దీనికీ సంబంధం లేదు. నీలమైనా తినేవి ఉన్నాయి, మారకపోయినా కడుపు పాడుచేసేవి ఉన్నాయి. ఎలాగూ మనం తినడానికి చేయట్లేదు.

రసాయనాలు ఉంటే ఒక ముక్కను విడిగా కోసి, టోపీ తొక్క మీద, కండ మీద, రంధ్రాల మీద ఒక్కో చుక్క వేసి రంగు రాయండి. గ్లవ్స్ తప్పనిసరి, పొటాషియం హైడ్రాక్సైడ్ చర్మాన్ని కాలుస్తుంది. ఆ ముక్కను పారేయండి, నమూనాతో కలపకండి.

6. డీఎన్ఏ ముక్క, స్పోర్ ప్రింట్

కోసిన కండ లోపలి నుంచి, బయటి గాలి, మట్టి తగలని చోట, శుభ్రమైన చాకుతో బఠాణీ గింజంత ముక్క తీసి సిలికా జెల్ ఉన్న గొట్టంలో వేయండి. ముక్క బరువుకు పదింతలు జెల్ ఉండాలి. నీలం రంగు జెల్‌లో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది, అది ఆరోగ్యానికి మంచిది కాదు. నారింజ రంగుది కొనండి. పురుగు తొలిచిన చోటు నుంచి ముక్క తీస్తే చివరికి పురుగు డీఎన్ఏ చదువుకోవాల్సి వస్తుంది.

స్పోర్ ప్రింట్ అంటే కాగితం మీద రాలిన సిద్ధబీజాల (పుట్టగొడుగుకు విత్తనాల్లాంటివి) అచ్చు. దానికోసం టోపీ అంతా వాడక్కర్లేదు, పావు ముక్క చాలు. రంధ్రాలు కిందికి ఉండేలా తెల్ల కాగితం మీద పెట్టి గాజు గిన్నె బోర్లించండి. రాత్రంతా వదిలేస్తే పొద్దుటికి సిద్ధబీజాలు పొడిలా రాలి ఉంటాయి. చాలా బొలీట్లలో ఆలివ్ గోధుమ, టైలోపైలస్‌లో గులాబీ ఛాయ, గైరోపోరస్‌లో లేత పసుపు, స్ట్రోబిలోమైసెస్‌లో నలుపు. రంగును పగటి వెలుతురులో చూసి రాయండి, ట్యూబ్‌లైట్ కింద కాదు. మొగ్గదైతే ఏమీ రాలదు, మళ్లీ మళ్లీ పెట్టకండి.

7. ఎండబెట్టడం

నిలువుగా 5 మిల్లీమీటర్ల మందాన ముక్కలు కోయండి. ప్రతి ముక్కలో టోపీ, గొట్టాలు, కాడ మూడూ కనబడాలి. చిన్నవైతే రెండు చీలికలు చాలు. ఒక మొగ్గను కోయకుండా అలాగే ఉంచితే ఆకారం మిగులుతుంది, కానీ దానికి ఒక రోజు ఎక్కువ పడుతుంది.

డ్రైయర్‌ను 40 నుంచి 45 డిగ్రీల మధ్య పెట్టండి. సాధారణంగా 12 నుంచి 24 గంటలు పడుతుంది. తొందరపడి 60 దాటించారో, ఎండవు, ఉడుకుతాయి. పైన గట్టి పెచ్చు కట్టి లోపల తడి ఉండిపోతుంది, డీఎన్ఏ కూడా దెబ్బతింటుంది. మొదటి గంటలో ట్రే కిందికి తెల్లపురుగులు వరస కట్టి దిగుతాయి. టెన్షన్ వద్దు, అవి వెళ్లిపోవడమే మనకు కావాలి. కింద కాగితం వేసి ఉంచితే ఊడ్చిపారేయొచ్చు.

డ్రైయర్ లేకపోతే: అట్టపెట్టెలో పాతకాలం 60 వాట్ల ఫిలమెంట్ బల్బు అడుగున, దానికి అడుగు ఎత్తున వైరు జాలీ, పైన గాలి పోవడానికి రంధ్రాలు. ఎల్ఈడీ బల్బు వేడి ఇవ్వదు. లోపల థర్మామీటర్ పెట్టండి, బల్బు అట్టకు తగలకుండా చూడండి, ఇంట్లో మనిషి లేనప్పుడు వేయకండి. అదీ లేకపోతే పల్చగా కోసి టేబుల్ ఫ్యాన్ ముందు పెట్టి, సగం ఆరాక సిలికా జెల్ డబ్బాలోకి మార్చండి. మైక్రోవేవ్ వద్దు. ఎండలో పెట్టడం గురించి పెద్దవాళ్లతో వాదన వస్తుంది, ఒరుగులన్నీ ఎండలోనే కదా అని. వేసవి ఎండ వేరు. ఇవి దొరికేది వానాకాలంలో, మబ్బు పట్టిన రెండు గంటల్లో బూజు అందుకుంటుంది.

ఫ్యాన్ మాట వచ్చింది కాబట్టి నా పాపం ఒకటి చెప్తాను. మొదట్లో రెండు నమూనాలు ఒకే ట్రేలో ఆరబెట్టి, చీటీలు పక్కన పెట్టి పడుకున్నాను. రాత్రి ఫ్యాన్ గాలికి చీటీలు రెండూ మంచం కింద చేరాయి. పొద్దున లేచి చూస్తే పన్నెండు గోధుమ ముక్కలు. ఏది ఎర్రటోపీదో, ఏది పచ్చదో ఎంత భూతద్దం పెట్టినా తెలియలేదు. మొత్తం పారేశాను. అప్పటినుంచి చీటీకి రంధ్రం చేసి, దారంతో ఒక ముక్కకు గుచ్చేస్తాను. ఒక ట్రేలో ఒక నంబరే.

8. ఎండిందో లేదో ఎలా తెలుస్తుంది

మూడు పరీక్షలు. ఒకటి, విరిస్తే అప్పడంలా పటుక్కున విరగాలి. తోలులా వంగితే ఇంకా తడి ఉంది. రెండోది, గిన్నెలో వేసి ఊపితే గలగలలాడాలి. మూడోది తూకం: రాసుకుని, మళ్లీ రెండు గంటలు ఆరబెట్టి తూచండి. తేడా లేకపోతే అయిపోయినట్టే. పచ్చిగా 100 గ్రాములున్నది సుమారు 10 గ్రాములకు దిగాలి. 20 దగ్గర ఆగితే పని మిగిలి ఉంది. కాడ మధ్య భాగాన్నే పరీక్షించండి, చివరగా ఎండేది అదే.

ఎండగానే, చల్లారాక, ఆలస్యం లేకుండా జిప్ కవర్‌లో వేయండి. వానాకాలంలో గంటసేపు బయట ఉంచితే మళ్లీ మెత్తబడతాయి. డబ్బా మీద పెద్ద అక్షరాలతో "తినకూడదు" అని రాయండి. ఇది హాస్యానికి చెప్పట్లేదు, చూడటానికి ఇవి అచ్చం వంకాయ ఒరుగుల్లాగే ఉంటాయి.

9. లేబుల్

కాగితం ఆమ్లరహితమైతే మంచిది. పెన్సిల్‌తో గానీ నీటికి చెదరని ఇంకుతో గానీ రాయండి, జెల్ పెన్ వద్దు. హెర్బేరియానికి ఇచ్చేది ఇంగ్లిష్‌లో రాయాలి. కానీ ఊరివాళ్లు చెప్పిన పేరు ఉంటే దాన్ని వాళ్లు పలికినట్టే తెలుగులోనూ రాయండి. ఉదాహరణకు ఇలా:

సుయిల్లస్, జాతి తెలియదు
తమిళనాడు, దిండిగల్ జిల్లా, కొడైకెనాల్, పైన్ తోట
10.23 ఉత్తరం, 77.48 తూర్పు, ఎత్తు సుమారు 2100 మీటర్లు
పైనస్ పట్యూలా కింద, నేల మీద, గుంపుగా
తేదీ, సేకరించినవారి పూర్తి పేరు, నంబరు

పేరు తెలియకపోతే "బొలీట్" అని వదిలేయండి. ఫోన్ యాప్ చెప్పిన పేరును లేబుల్ మీద ఎక్కించడం ఈమధ్య ఎక్కువైంది. యాప్‌లు ఎక్కువగా యూరప్, అమెరికా పేర్లే చెప్తాయి. మన గుగ్గిలం చెట్టు కింద దొరికినదానికి ఇటలీ పేరు రాస్తే, సరిదిద్దడానికి ఇంకొకరి సమయం పోతుంది. "చెట్ల కింద" అని కూడా రాయకండి, ఏ చెట్టో రాయండి. తెలియకపోతే ఆకు ఒకటి తెచ్చి కాలేజీలో అడగండి.

10. ఫ్రీజర్

లేబుల్‌తో సహా జిప్ కవర్‌లో, మైనస్ 20 డిగ్రీల దగ్గర, కనీసం ఒక వారం. ఇంటి ఫ్రిజ్ ఫ్రీజర్ అయితే రెండు వారాలు ఉంచండి. పురుగు గుడ్లు చావడానికి ఇది. బయటికి తీశాక కవర్ వెంటనే తెరవకండి. గది వేడికి వచ్చేదాకా ఆగకపోతే లోపల తేమ పట్టి, చేసిందంతా వృథా. తర్వాత కాగితపు పొట్లంలో పెట్టి, గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్‌తో ఉంచండి.

మూడు నెలలకోసారి తెరిచి చూడండి. పొట్లం అడుగున సన్నటి గోధుమ పిండి ఉంటే పురుగు చేరింది, మళ్లీ ఫ్రీజర్‌కే. తెల్ల బూజు కనిపిస్తే ఎండడం సరిపోలేదు. బూజు పట్టినదాన్ని మిగతావాటికి దూరంగా పెట్టి మళ్లీ ఎండబెట్టండి, నోట్‌బుక్‌లో ఆ సంగతి రాయండి.

మైక్రోస్కోప్ ఉంటే ఇంకో పరీక్ష. గొట్టాల నుంచి ఆవగింజంత ముక్క తీసి 5 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్కలో నానబెట్టి, 400 రెట్లలో చూడండి. చాలా బొలీట్ల సిద్ధబీజాలు రెండు కొసలా సన్నబడిన కండెల్లా, పొడవుగా కనిపిస్తాయి. విరిగి చితికి ఉంటే వేడి ఎక్కువైందేమో చూసుకోండి.

11. ఎక్కడ ఇవ్వాలి

మంచి నమూనాను ఇంట్లో ఉంచకండి. హైదరాబాద్‌లో బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా దక్కన్ ప్రాంతీయ కేంద్రం ఉంది. హౌరాలో సెంట్రల్ నేషనల్ హెర్బేరియం, పుణె అఘార్కర్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో అజ్రేకర్ మైకలాజికల్ హెర్బేరియం, ఢిల్లీలో వ్యవసాయ పరిశోధనా సంస్థ వాళ్ల శిలీంధ్ర హెర్బేరియం ఉన్నాయి. పొట్లం పట్టుకుని నేరుగా వెళ్లకండి. ముందు ఉత్తరం రాసి, ఫోటోలు, నోట్స్ ప్రతి, అనుమతి కాగితం జత చేయండి. ముక్కలు ఎక్కువుంటే రెండు పొట్లాలుగా చేసి, ఒకే నంబరు వేసి, రెండు చోట్ల ఇవ్వొచ్చు. ఒక చోట వాన నీళ్లు కారినా రెండోది మిగులుతుంది.

వాళ్లు తీసుకుంటే ఒక ప్రవేశ సంఖ్య (వాళ్ల రిజిస్టరు నంబరు) ఇస్తారు. దాన్ని మీ నోట్‌బుక్‌లో మీ నంబరు పక్కనే, అదే రోజు రాసుకోండి. మీ నంబరు చెరిపేయకండి, రెండూ కావాలి. పేజీ ఫోటో తీసి ఎక్కడైనా దాచండి.